పీపాలో నూనె ఎంత, నీళ్లెంత?

చమురు బావి నుంచి పైకొచ్చేది నల్లటి చిక్కటి ధార ఒక్కటే అనుకుంటాం. నిజానికి అది నూనె, ఉప్పునీరు, గ్యాసు, కాస్త ఇసుక కలగలిసిన ప్రవాహం. బావి ముసలిదయ్యేకొద్దీ అందులో నీటి పాలు పెరుగుతుంది. నేల పొరల్లోని నీరు పైకి ఎగబాకుతుంది. ఒత్తిడి తగ్గకుండా పైనుంచి పంపిన నీరూ చివరికి బావిలోకే తిరిగొస్తుంది. ఈ నీటి వాటాకు చమురు రంగంలో ‘వాటర్ కట్’ అని పేరు. లోకంలో చాలా పాత క్షేత్రాల్లో నూనెకంటే నీరే ఎక్కువ వస్తోంది.

ఎంత వస్తోందో తేల్చడానికి పాత దారి సెపరేటర్. బావి నుంచి వచ్చిన సరుకును పెద్ద ట్యాంకులోకి మళ్లిస్తారు. గ్యాసు పైకి పోతుంది, నీరు అడుగుకు దిగుతుంది, నూనె మధ్యలో తేలుతుంది. ఒక్కో దాన్ని విడిగా కొలుస్తారు. పద్ధతి నమ్మకమైనదే కానీ గంటల పని. పైగా చాలా బావులకు ఒకే టెస్ట్ సెపరేటర్ ఉంటుంది కాబట్టి ఒక్కో బావికి వంతు రావాలి. ఈలోగా బావిలో ఏం మారిందో తెలియదు.

అందుకే గొట్టంలో పారుతుండగానే కొలిచే మీటర్లు వచ్చాయి. పాలలో నీళ్లను లాక్టోమీటరు పట్టేది సాంద్రతను బట్టే కదా, కోరియోలిస్ మీటరూ ఆ దారిలోనే నడుస్తుంది. కంపిస్తున్న గొట్టం ప్రవాహం వల్ల ఎంత మెలితిరుగుతుందో చూసి ద్రవ్యరాశిని, కంపన వేగాన్ని చూసి సాంద్రతను చెబుతుంది. లీటరు ముడిచమురు సాధారణంగా 850 గ్రాముల దగ్గర తూగితే, ఉప్పునీరు కిలో దాటుతుంది. అయితే గ్యాసు బుడగలు చేరితే సాంద్రత పడిపోతుంది, మీటరు నీటిని కూడా నూనె లెక్కలో వేసేస్తుంది.

ఇంకో దారి విద్యుత్తు. విద్యుదావేశాన్ని నిలవచేయడానికి పదార్థం ఎంత తోడ్పడుతుందో చెప్పే విద్యుద్రోధక స్థిరాంకం నీటికి 80 దగ్గర ఉంటే, నూనెకు 2 పైచిలుకు. ఇంత తేడా ఉంటే కొలవడం తేలికే అనిపిస్తుంది. చిక్కు ఎక్కడుందో మన ఇళ్లలో వెన్న తీసినవాళ్లకు బాగా అర్థమవుతుంది. మీగడలో నీటి నడుమ కొవ్వు బొట్లు తేలుతుంటాయి. చిలుకుతుంటే ఒక క్షణంలో తిరగబడి, కొవ్వు నడుమ నీటి బొట్లు చిక్కుకున్న వెన్న అవుతుంది. గొట్టంలోనూ ఇదే జరుగుతుంది. నూనె నడుమ నీటి బొట్లున్నంతసేపు మిశ్రమం గుండా కరెంటు దాదాపుగా పోదు, అక్కడ ఆవేశాన్ని నిలవచేసే సామర్థ్యం (కెపాసిటెన్స్) కొలిస్తే సరిపోతుంది. నీరు పెరిగి తిరగబడిందా, ఉప్పునీరు కరెంటును లాగేసుకుంటుంది. అప్పుడు వాహకత కొలవాలి. ఆ వాహకత నీటిలోని ఉప్పును బట్టి మారుతుంది, ఆ ఉప్పు బావిని బట్టి మారుతుంది.

ఆధునిక బహుదశా మీటర్లు ఒక్కదాన్నే నమ్మవు. సన్నబడే వెంచురీ గొట్టంలో ఒత్తిడి తేడా, రెండు శక్తి స్థాయుల గామా కిరణాలు ఎంత ఇంకిపోయాయన్న లెక్క కలిపి నూనె, నీరు, గ్యాసు మూడింటినీ విడదీస్తాయి. అడ్డంగా వేసిన గొట్టంలో నీరు అడుగున, నూనె పైన పేరుకుంటాయి కాబట్టి, మిశ్రమాన్ని బాగా కలిపి నిలువు గొట్టంలో పైకి పారిస్తూ కొలుస్తారు.

అంత తంటా ఎందుకంటే ఒక చిన్న లెక్క చాలు. నూరు పీపాల ద్రవంలో 50 నీళ్లయితే, వాటర్ కట్ చెప్పడంలో 2 శాతం పాయింట్ల పొరపాటు నూనె లెక్కలో 4 శాతమే. అదే 95 పీపాలు నీళ్లయితే మిగిలే నూనె 5 పీపాలు. అదే 2 పాయింట్ల పొరపాటుతో అది 3 అని తేలొచ్చు, 7 అని తేలొచ్చు. అంటే 40 శాతం తప్పు! బావి ముసలిదయ్యేకొద్దీ కొలత కచ్చితంగా ఉండాల్సిన అవసరం పెరుగుతుంది, కొలవడమేమో మరింత కష్టమవుతుంది.

ఇది ఇంజనీర్ల గొడవ మాత్రమే కాదు. నేలమీది బావుల్లోంచి తీసే చమురుపై రాయల్టీ మన దేశంలో ఆయా రాష్ట్ర ప్రభుత్వాలకు చేరుతుంది. నూనె లెక్క తప్పితే ఆ రాబడి లెక్కా తప్పుతుంది. అందుకే ఎంత కొత్త మీటరు బిగించినా, దాన్ని ఎప్పటికప్పుడు సెపరేటర్‌తో సరిచూసుకోవాల్సిందే.