ఆశుసంగీతానికి కొలత ఉన్నదా?

ఆశువు అనగానే మనకు అవధాని స్మరణకు వస్తాడు. పృచ్ఛకుడు సమస్య ఇచ్చిన కొద్దిసేపటికే అతడు పద్యపాదం అందుకొంటాడు. ఆ వేగం చూచి ఆశువును నియమం లేని విహారమని భ్రమపడరాదు. గణాలు, యతి, ప్రాస ముందే నిర్ణీతమై ఉన్నవి. ఆ కట్టుబాటే అతనికి ఊతకోల. సంగీతంలోనూ ఇంతే. అయితే పద్యాన్ని వ్రాసికొని మరునాడు గణవిభజన చేయవచ్చును. గాలిలో పుట్టి గాలిలో కలసిపోయే నాదాన్ని పరిశీలించడం ఎట్లు? రేడియో ప్రసారాలు, వాటిని పదిలపరచిన రికార్డులు ఆ అవకాశాన్ని కల్పించినవి.

ఇందుకు మంచి ఉదాహరణ అమెరికాలో ఉన్నది. 1930 తరువాత అక్కడ జాజ్ సంగీతంలో ‘స్వింగ్’ అనే నృత్యశైలి ప్రబలింది. పెద్ద పెద్ద ఇత్తడి వాద్యాల నడుమ గిటారు ధ్వని వినిపించేది కాదు. లయ పట్టడమే దాని పని. తంత్రుల కంపనాన్ని విద్యుత్తుగా మార్చి పెద్దది చేసే గిటారును గిబ్సన్ సంస్థ 1936లో విపణికి తెచ్చింది. ఆ వాద్యానికి గళమిచ్చినవాడు చార్లీ క్రిస్టియన్. 1916లో టెక్సాస్‌లో పుట్టి ఓక్లహోమా నగరంలో పెరిగిన ఈ నల్లజాతి యువకుడు 1939 ఆగస్టులో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరినాడు. ‘కేమెల్ కేరవాన్’ అనే రేడియో కార్యక్రమంలో ఆ బృందం ‘ఫ్లయింగ్ హోమ్’ మొదలైన రచనలను వినిపించింది.

ఆ రచనలోని గిటారు ఆశువును మన తాళంతో కొలిచి చూడవచ్చును. దాని చట్రం ముప్పదిరెండు ఖండాలు. ఒక్కొక్క ఖండానికి నాలుగు దెబ్బలు. రెండు ఖండాలు కలిస్తే ఆదితాళంలోని ఎనిమిది అక్షరాలతో సమానం. అనగా మొత్తం పదునారు ఆవర్తాలు. వీటిని నాలుగేసి ఆవర్తాల చొప్పున నాలుగు భాగాలు చేస్తారు. మొదటి రెండు భాగాలకు, చివరి భాగానికి వరుస ఒక్కటే. మూడవది మాత్రం వేరు. ఈ నాలుగు పాదాల కట్టడమే వాదకునికి ఛందస్సు.

ఈ కట్టడంలో క్రిస్టియన్ నడక గమనింపదగినది. ఒకే వరుస గల భాగాలలో అతడు తరచు చిన్న చిన్న పలుకులను మార్చి మార్చి పలికిస్తాడు. మూడవ భాగంలో ఊపిరి తీయనట్లు పొడుగైన స్వరధారను నడిపిస్తాడు. పలుకులు దెబ్బ మీదనే ఎత్తుకొనవు. ముందుగానో వెనుకగానో మొదలై ఖండపు గట్టును దాటిపోతవి. ఇది మన అతీత, అనాగత ఎడుపులను తలపిస్తుంది. పద్యంలో అన్వయం పాదాంతంలో ఆగక తరువాతి పాదంలోనికి ప్రవహించినట్లు ఇక్కడ భావం ఖండాంతాన్ని అతిక్రమిస్తుంది. అయినను లెక్క తప్పదు.

ఇట్టి ఆశువుకు మన పల్నాటి సీమ కొత్తది కాదు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట నాదస్వరానికి పేరెన్నికగన్నది. అక్కడి షేక్ ఆదం సాహెబు వద్ద విద్య నేర్చినవారిలో షేక్ చినమౌలానా ఒకరు. 1924లో కరవదిలో జన్మించిన ఆయన తరువాత తమిళదేశానికి వెళ్లి, నాచ్చియార్‌కోవిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల వద్ద తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడినారు. 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఆయన మరుసటి సంవత్సరం దివంగతులైనారు.

నాదస్వర విద్వాంసుని రాగాలాపనలో తాళం ఉండదు. మరి కొలత ఏది? ఆధారషడ్జం కదలదు. రాగానికి ప్రాణమైన జీవస్వరాలు, నిలువదగిన న్యాసస్వరాలు మైలురాళ్లుగా నిలుస్తవి. వ్రేళ్ల కదలికతో, పెదవి బిగువుతో, ఊపిరి హెచ్చుతగ్గులతో గమకాలు పలుకుతవి. స్వరకల్పనకు వచ్చేసరికి డోలు తోడై తాళం ప్రవేశిస్తుంది. ఎంత దూరం విహరించినా పల్లవి ఎడుపుకు చేరుకొనక తప్పదు. జాజ్‌లో ఒకేమారు మ్రోగే స్వరకూటములు మారుతుండగా వాదకుడు వాటి వెంట త్రోవ వెదకుకొంటాడు. మన విద్వాంసుడు కదలని శ్రుతి మీద నిలిచి త్రోవ వేసికొంటాడు. భేదం ఇక్కడ ఉన్నది.

మరొక విశేషం. గిటారు సన్నని గొంతు గలది; రేడియో యుగంలో విద్యుత్తు దానిని పెద్దది చేసింది. నాదస్వరం వీథులలో, ఉత్సవాలలో ఊరంతటికీ వినిపించవలసిన వాద్యం. మైక్రోఫోను ఎదుట అది తన నాదాన్ని మితపరచుకొనవలసి వచ్చినది.

క్షయవ్యాధితో క్రిస్టియన్ 1942 మార్చిలో మరణించినాడు. అప్పటికి ఇరువదియైదేండ్లు. పట్టుమని మూడేండ్లు లేని ఆ ప్రసిద్ధజీవితాన్ని ఈనాటికీ స్వరస్వరంగా విప్పి చూడగలుగుతున్నామంటే కారణం ఆ రికార్డులు, ప్రసారాల ప్రతులే. రికార్డింగు లేని కాలంలో మన సన్నాయి మేళాలకు శిష్యుని చెవియే రికార్డు. శిష్యుడు లేని నాడు ఆ బాణీ అంతటితో సరి.

కనుక బడిలో ఇట్టి నాదాన్ని వినిపించే ఉపాధ్యాయుడు మూడుమారులు వినిపించవలె. మొదటిమారు విద్యార్థి చేతితో లెక్క వేయవలె. తాళం లేనిచోట శ్రుతిని పట్టుకొనవలె. రెండవమారు పలుకు ఎక్కడ నిలిచినదో గుర్తింపవలె. మూడవమారు ఎక్కడ మౌనం వహించినదో వినవలె. ఛందస్సు ఎరిగినవానికి పద్యం మరింత రుచించినట్లు, కొలత ఎరిగిన చెవికి ఆశువు మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. అట్టి చెవులు తయారైన ఊరిలో సన్నాయి మూగవోదు.