చీటీ మాట నమ్మిన కాపరి

మేడ్చల్ వద్ద ఔటర్ రింగురోడ్డు నెక్కి శామీర్‌పేట వద్ద దిగువానికి, ఎక్కిన చోటు తెలుపు చీటీ నిచ్చిరనుకొందము. 'దీనికి ముద్ర అక్కరలేదు' అని అతడే దానిపై వ్రాసికొని వచ్చినచో టోలు గుమాస్తా వదలునా? కంప్యూటర్లు వదలినవి!

సర్వరు తనవారిని గుర్తించుటకై ఇచ్చు జేసన్ వెబ్ టోకెను నందు శీర్షిక, వివరము, సంతకము ఉండును. సంతకము ఏ పద్ధతిదో శీర్షికయే చెప్పును, చిక్కంతయు ఇచటనే. శీర్షికలో 'నన్', అనగా ఏ పద్ధతియు లేదని మార్చి, సంతకము తీసివేసినను కొన్ని లైబ్రరీలు అంగీకరించుచున్నవని 2015లో టిమ్ మెక్లీన్ చూపెను. లైబ్రరీలనగా గ్రంథాలయములు కావు సుమా, ప్రోగ్రాములు వ్రాయువారు ఎరవు తెచ్చుకొను సిద్ధభాగములు. రెండవ మోసము మరింత గడుసుది: శీర్షికలో పద్ధతి పేరు మార్చినంతనే, లోకమెల్ల ఎరిగిన బహిరంగ తాళపుచెవినే లైబ్రరీ రహస్యపు చెవిగా ఎంచి, దానితో చేసిన దొంగ సంతకమును నమ్మెను. పరుల ఖాతాలో చొరబడుటకు ఇంతకన్న ఏమి కావలెను? మేము చెప్పగల మందు, పద్ధతిని సర్వరే ముందుగా నిర్ణయించి, చీటీ చెప్పుదానిని పట్టించుకొనకుండుట.