నీళ్లు ఎక్కువైతే నెమ్మదించే మంచు

“కరిగిన నీరు హిమానీనదం అడుక్కి చేరితే మంచు జర్రున జారుతుందట కదా! మరి ఎండలు ముదిరేకొద్దీ గ్రీన్‌లాండ్ మంచంతా సముద్రంలోకి జారిపోవాలిగా?” అని ఒక పాఠకుడు అడిగారు. ఈ నెల వేరే వ్యాసం రాద్దామనుకున్నాను. ఇది చూశాక కలం ఆ వైపు పోనంది.

మంచు తన బరువుకి తానే సాగుతుంది, అడుగున తడి ఉంటే రాతిమీద జారుతుంది కూడా. ఇక అసలు కథ.

నీటి ప్రమేయం ఉందని పాతవాళ్లూ పసిగట్టారు, కానీ తలకిందులుగా. పగలు పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి, ఉబ్బి, హిమానీనదాన్ని ముందుకు నెడుతుందని శాస్త్రవేత్తలు షార్పాంటియే, అగాసీ వాదించారు. కానీ 1842లో జేమ్స్ ఫోర్బ్స్ ఆల్ప్స్‌లోని మేర్ ద గ్లాస్ హిమానీనదం మీద కొలతలు తీస్తే అది రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తోంది! పైగా వెచ్చటి రోజుల్లోనే జోరు.

2002లో జ్వాలీ బృందం గ్రీన్‌లాండ్‌లో కిలోమీటరుకు పైగా మందమున్న మంచు కూడా వేసవిలో వేగం పుంజుకుంటోందని చూపించింది. 2006 జులైలో అక్కడే మంచు మీది ఒక సరస్సు, 5.6 చదరపు కిలోమీటర్లది, రెండు గంటలైనా పట్టకుండా పగులులోంచి ఖాళీ అయింది. నయాగరాను మించిన ప్రవాహం! పైనున్న మంచు మీటరుకు పైగా లేచింది. మంచు సాంద్రత నీటి సాంద్రతలో సుమారు పదింట తొమ్మిది వంతులు. కాబట్టి మంచు మందంలో అంత ఎత్తున పగులులో నీరు నిలిస్తే చాలు, పైనున్న బరువంతా తేలిపోతుంది. రాతి పట్టు సడలుతుంది. అందరూ హడలిపోయారు.

హడావుడిలో మంచు అడుగు సొరంగాల మీద రోత్లిస్‌బెర్గర్ వేసిన 1972 నాటి లెక్క చాలామందికి గుర్తుకు రాలేదు. నాకు మాత్రం ఇదే ప్రాణం! చెరువుకట్టకు చిన్న గండి పడితే ఏమవుతుంది? పారే నీరే దాన్ని కోసి పెద్దది చేస్తుంది. మంచు అడుగునా అంతే, కాకపోతే ఇక్కడ కోసేది ఒరిపిడి వేడి. పెద్దదైన సొరంగంలో పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల సన్న పాయల నీటిని అదే లాగేసుకుంటుంది, ఇంకా పెద్దదవుతుంది. కలిగినవాడికే మళ్లీ కలగడమన్నమాట! నీరంతా ఆ దారిన పోయాక మంచును ఎత్తిపట్టడానికి పీడనమేదీ? మంచు మళ్లీ రాతిమీద కూలబడి నెమ్మదిస్తుంది.

వేగం నీటి మొత్తాన్ని బట్టి కాదు, అది ఎంత ఆకస్మికంగా వచ్చిపడిందన్నదాన్ని బట్టి పెరుగుతుందని 2010లో షూఫ్ గణితంతో చూపాడు. 2015లో టెడ్‌స్టోన్ బృందం నైరుతి గ్రీన్‌లాండ్‌లో నేలమీదే ముగిసే మంచును మూడు దశాబ్దాల ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలిస్తే, కరుగుదల పెరిగినా నడక మందగించింది!

“అయితే సముద్రమట్టం గండం గడిచినట్టేనా?” అంటారు. ఈ ప్రశ్న వస్తుందనే భయపడ్డాను. గడవలేదు. కరిగిన నీరు ఎలాగూ సముద్రంలోనే కలుస్తుంది. సముద్రంలోకే దిగిన హిమానీనదాల లెక్క వేరు.

ఇక ఆ సొరంగాలంటారా? చలికాలం నీరు ఆగగానే పైనున్న మంచు బరువుకి మెల్లగా మూసుకుపోతాయి. వచ్చే వేసవి తొలి నీటికి దారి ఉండదు. అది మళ్లీ పీడనమై మంచును ఎత్తుతుంది.