13,42,17,726: సమవృత్త సంఖ్య – నిర్మాణ పరిశీలన

ఛందశ్శాస్త్ర బోధనలో 13,42,17,726 అనే సంఖ్య తప్పక వినిపిస్తుంది. ఏకాక్షర పాదం గల ఉక్త మొదలుకొని ఇరవైయారు అక్షరాల ఉత్కృతి వరకు గల ఛందాలలో పుట్టగల సమవృత్తాల మొత్తం ఇది. (కంద, సీస, ఆటవెలదులకు ఈ లెక్కలో చోటు లేదు.) దీనిని ఒక వింతగా చెప్పి ముందుకు సాగడం పరిపాటి, నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. కంఠస్థం చేసిన విద్యార్థి ఒక అంకె తారుమారైనా గుర్తించలేడు. సంఖ్య నిర్మాణం తెలిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రతి స్థానంలోనూ గురువో లఘువో ఉంటుంది కనుక, పాదంలో ఒక అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది: 2, 4, 8, 16... ఉత్కృతికి 6,71,08,864. మొత్తం కావాలంటే చివరి సంఖ్యను రెట్టించి రెండు తీసివేయాలన్నది పింగళుని ఛందశ్శాస్త్రం ఎనిమిదవ అధ్యాయంలోని విధానం. ఆ రెండు ఎక్కడివి? ఉక్తలోని 2కు మరొక 2 అరువు తెచ్చి కలిపితే 4. దానికి తరువాతి ఛందంలోని 4 కలిపితే 8. ఇలా సాగి చివరకు 13,42,17,728 వస్తుంది. అరువు తెచ్చిన రెండింటిని తిరిగి ఇచ్చివేయాలి. ద్విసంఖ్యామానంలో రాస్తే ఈ సంఖ్య ఇరవైయారు ఒకట్లు, చివర ఒక సున్న.

దీని ప్రధాన కారణాంకాలు నాలుగు: 2, 3, 2,731, 8,191. వీటికీ ఛందాల అమరికకూ సంబంధం ఉంది. ఛందాలను వరుసగా జంటలు చేస్తే 2+4, 8+16, 32+64 అనే పదమూడు జంటలు ఏర్పడతాయి. ప్రతి జంట మొత్తమూ 3 చేత భాగింపబడుతుంది. ఇక ఇరవైయారింటిని రెండు సమభాగాలు చేస్తే, ఉక్త నుండి అతిజగతి వరకు గల వృత్తాలు 16,382, అనగా 8,191కి రెట్టింపు. శక్వరి నుండి ఉత్కృతి వరకు గలవి దానికి 8,192 రెట్లు. కనుక మొత్తం 16,382ను 8,193తో గుణించగా వచ్చినది. 8,193 అనగా 3 × 2,731. రెండు యొక్క ఘాతం కన్నా ఒకటి తక్కువైన ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధానాంకాలంటారు. 8,191 వాటిలో ఒకటి.

పాఠ పరిష్కారానికి ఇది అక్కరకు వస్తుంది. రెండు తీసివేయడం మరచి ...728 అని రాస్తే అంకెల మొత్తం 35 అవుతుంది, 3తో భాగింపబడదు. రెండంకెలు స్థానం మారితే మాత్రం ఆ మొత్తం మారదు; అప్పుడు 8,191తో భాగించి చూడాలి. శేషం మిగిలితే అచ్చుతప్పే.

తనను మినహాయించగా మిగిలిన భాజకాల మొత్తం 13,43,48,802 కావడం చేత గణితజ్ఞులు దీనిని అధిక సంఖ్యలలో చేరుస్తారు. ఆరు గుణిజాలలో ఆరు తప్ప అన్నీ అధిక సంఖ్యలే కనుక, ఈ వర్గీకరణ ఛందస్సు గురించి ప్రత్యేకంగా చెప్పేది లేదు.

ఒక్కొక్క వృత్తపు క్రమసంఖ్య అంతకన్నా ఆసక్తికరం. కృతి ఛందంలో ఉత్పలమాల 3,55,799వది. ప్రకృతిలో చంపకమాల 7,11,600వది. మొదటి సంఖ్యను రెట్టించి రెండు కలిపితే రెండవది వస్తుంది. ఉత్పలమాల తొలి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది కదా. శార్దూలం 1,49,337, మత్తేభం 2,98,676. అక్కడా అదే సంబంధం.