కంటి బాధకు ఫోనులో వైద్యమా?

ఇంద్రియాలన్నింటిలోనూ నేత్రమే ప్రధానమని పెద్దల మాట. అందుకే కంటికి చిన్న బాధ కలిగినా మనసు కలవరపడుతుంది. ఆ కలవరంలో నేడు చాలామంది చేసే మొదటి పని ఇంటర్నెట్‌లో తమ లక్షణాలను వెదకడం. తెలుసుకోవాలనే కోరిక దోషం కాదు. చదివినదే రోగనిర్ణయమని భావించి సొంతవైద్యానికి పూనుకోవడమే ప్రమాదకరం.

కన్ను ఎర్రబడటాన్నే తీసుకుందాం. అది ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధులకు ఉమ్మడి లక్షణం. కండ్లకలకలో కన్ను ఎర్రబడుతుంది. నల్లగుడ్డుపై పుండు ఏర్పడినా, కంటిలోపలి పొర వాచినా, కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగినా ఎర్రబడుతుంది. వైరస్ వలన వచ్చే కండ్లకలక చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. తక్కిన మూడింటిలో ఆలస్యం చూపునే హరించవచ్చు. ఫోనులోని బొమ్మలతో పోల్చుకొని ఈ భేదాన్ని గుర్తించడం సామాన్యులకు సాధ్యం కాదు. వైద్యులు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో కంటి పొరలను పరిశీలించి, ఒత్తిడిని కొలిచి నిర్ణయిస్తారు.

తప్పుడు నిర్ణయం కంటే, దానిని నమ్మి వేసుకునే చుక్కల మందు ఎక్కువ హాని చేస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు వేయగానే ఎరుపు, మంట తగ్గుతాయి. మందు సరిపడిందనే భ్రమ కలుగుతుంది. పొలం పనిలో వరి ఆకు గీరుకొని, శిలీంధ్రం చేరిన పుండుకు అదే మందు వేస్తే, పైకి ఎరుపు తగ్గినా లోపల పుండు ముదురుతుంది. స్టెరాయిడ్లను దీర్ఘకాలం వాడితే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి, అంటే గ్లాకోమా, రావచ్చు. దానివలన పోయిన చూపు తిరిగి రాదు.

భయం వలె ఊరట కూడా మోసగించగలదు. కళ్ల ముందు నల్లని చుక్కలు తేలడం వయసుతో వచ్చే సహజ మార్పని చదివి ఊరడిల్లేవారున్నారు. ఆ మాట చాలామంది విషయంలో నిజమే. అయితే చుక్కలు హఠాత్తుగా పెరిగినా, మెరుపులు కనిపించినా, ఒక పక్క తెర దించినట్లు ఉన్నా, రెటీనా చిరిగి ఊడుతుండవచ్చు. ఇందులో నొప్పి ఉండదు. కనుపాపను విప్పార్చే మందు వేసి లోపల చూస్తేనే నిజం తెలుస్తుంది. ఇక మధుమేహం రెటీనాను దెబ్బతీసే తొలిదశలో ఏ లక్షణమూ ఉండదు. లక్షణమే లేనప్పుడు ఫోనులో దేనిని వెదకాలి? అందుకే మధుమేహులు ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి.

కంటిలో నొప్పి, చూపు మసకబారడం, వెలుతురును భరించలేకపోవడం, కంటికి దెబ్బ తగలడం వంటివి సంభవిస్తే అదే రోజు నేత్రవైద్యుని సంప్రదించాలి. సున్నం, ఆమ్లం వంటివి పడితే ముందుగా శుభ్రమైన నీటితో కనీసం పదిహేను నిమిషాలు ధారగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గతంలో మిగిలిన చుక్కలను, ఇతరులకు రాసిన మందులను వాడరాదు.

ఇంటర్నెట్‌కు తగిన స్థానం వైద్యపరీక్షకు తరువాతిది. డాక్టరు చెప్పిన వ్యాధిని గురించి చదివి, సందేహాలను కాగితంపై రాసుకొని, మరల వెళ్లినప్పుడు అడిగితే ఆ చదువు చూపును కాపాడటానికి తోడ్పడుతుంది.