చెరువుల రక్షణ నిబంధనలు: రైతు తెలిసికొనవలసిన సంగతులు

చెరువు శిఖమునందు పట్టాభూమి గల రైతునకును, ఆయకట్టున వరి పండించు వానికిని, చేపలు పట్టి జీవించు వానికిని నీటివనరులపై ప్రభుత్వము చేయు నిబంధనలు తమ యింటి సంగతుల వంటివే. అవి ఎట్లు తయారగునో తెలియనిచో, గడువు దాటిన పిమ్మట కచ్చేరి చుట్టు తిరుగవలసి వచ్చును. కావున ఆ పద్ధతిని సంగ్రహముగా వివరించుచున్నాము.

1971లో ఇరాన్ దేశమందలి రామ్‌సర్ పట్టణమున చిత్తడి నేలల రక్షణకై అంతర్జాతీయ ఒడంబడిక జరిగెను. మన దేశము 1982లో అందు చేరెను. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము 2010లో మొదటి నిబంధనలను, వానికి మారుగా 2017 సెప్టెంబరులో క్రొత్త నిబంధనలను ప్రకటించెను. వీని ప్రకారము ప్రతి రాష్ట్రమునకు ఒక చిత్తడి నేలల ప్రాధికార సంస్థ యుండవలెను. సంబంధిత శాఖామంత్రి దానికి అధ్యక్షుడు. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఉపాధ్యక్షుడు. వివిధ శాఖల అధికారులును, జలశాస్త్రము, మత్స్యశాస్త్రము మొదలగువాని యందు నిపుణులును సభ్యులు.

ఈ సంస్థ మొదట రాష్ట్రమందలి చిత్తడి నేలల పట్టికను సిద్ధపరచును. పిదప ఎన్నుకొన్న ప్రతి దానికిని ఒక వివరపత్రము వ్రాయుదురు. అందు హద్దులు, పటము, నీరు వచ్చి చేరు ప్రాంతము, ప్రజలకు పూర్వమునుండి గల హక్కులు, అనుమతింపదగిన పనులు ఉండవలెను. తరువాత ముసాయిదా ప్రకటించి అభ్యంతరములను కోరుదురు. వానిని విచారించి, సంస్థ సిఫారసు చేసిన 240 దినములలోగా ప్రభుత్వము తుది ప్రకటన చేయవలెను. అటుపిమ్మట అచ్చట ఆక్రమణలు, క్రొత్త పరిశ్రమలు, చెత్త పోయుట, శుద్ధిచేయని మురుగునీరు వదలుట నిషిద్ధములు.

అయితే ఒక ముఖ్యవిషయము గలదు. నదీప్రవాహమార్గములు, వరిపొలములు, త్రాగునీటికిగాని సేద్యమునకుగాని ప్రత్యేకముగా నిర్మించిన జలాశయములు ఈ నిర్వచనములో చేరవు. కావున మంథని ప్రక్కన పారు గోదావరియు, మన ఆయకట్టు చెరువులును సాధారణముగా దీని వెలుపలివే. “చట్టము వచ్చినది, మన చెరువు భద్రము” అనుకొనుట పొరపాటు.

మన చెరువులకు ఆధారము వేరు: 1357 ఫసలీ నాటి నీటిపారుదల చట్టము, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకమున 46,531 చెరువులను బాగుచేయ సంకల్పించి, పూడికమన్ను రైతులు పొలములకు తోలుకొనుటకు వీలు కల్పించిరి. గోదావరి జలములలో రాష్ట్రముల వాటాలకు 1980 నాటి బచావత్ తీర్పు ఆధారము.

కాబట్టి సభ్యులు చేయవలసిన పని యేమనగా: నిండునీటి మట్టపు హద్దురాళ్లు ఎచ్చట నున్నవో స్వయముగా చూడుడు. పహాణీ నకలును, గ్రామ నక్షాను దగ్గర నుంచుకొనుడు. హద్దు తప్పుగా పడినచో గడువులోగా వ్రాతమూలకముగా తెలుపుడు. నోటిమాటకు ఫైలులో చోటు లేదు. ఒక్కొక్కరుగా గాక సంఘముగా తీర్మానించి పంపుట మేలు. 2022 జూలై వరదలో మంథని ప్రాంతము మునిగిన సంగతి మనమెరుగుదుము. నీరు తన హద్దును తాను మరువదు, మనమును మరువరాదు.