అమ్మమ్మ టీవీలో అక్క పెళ్లి

నందిగామలో మీ అక్క పెళ్లి జరిగిందనుకోండి. జగ్గయ్యపేటలో ఉన్న అమ్మమ్మ కాలికి దెబ్బ తగిలి రాలేకపోయింది. పెళ్లంతా మీరే సెల్‌ఫోనుతో తీశారు. ఆ చిన్న తెర మీద చూద్దామంటే అమ్మమ్మకు కళ్ళు ఆనవు. అయితే ఆమె ఇంట్లో పాత టీవీ ఉంది, దాని కింద డీవీడీ ప్లేయరు ఉంది. ఆ రెండింటినీ నడపడం ఆమెకు బాగా వచ్చు. అందుకని మీరు కంప్యూటరులో వీడియోను ఒక డిస్కు మీదికి ఎక్కించి, బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు కూడా వచ్చి కూర్చున్నారు.

డిస్కు గిర్రున తిరిగింది. టీవీ మీద ఒక్క ముక్క కనిపించి ఆగిపోయింది: "ఈ డిస్కు పనికిరాదు."

"ఏమయిందర్రా?" అంది అమ్మమ్మ.

నిజమే, ఏమయింది? అదే డిస్కు మీ కంప్యూటరులో చక్కగా ఆడింది. డిస్కు పాడు కాలేదు, ప్లేయరూ పాడు కాలేదు. మరి తప్పు ఎక్కడుంది? రండి, వెతుకుదాం.

క్యారియరు, అందులోని గిన్నెలు

మీ ఫోను తయారుచేసిన ఫైలు పేరు చివర "ఎంపీ4" అని ఉంటుంది. చాలామంది దాన్ని వీడియో రకం పేరు అనుకుంటారు. అసలు అది అన్నం క్యారియరు పేరు మాత్రమే. క్యారియరులో ఒక గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో కూర ఉన్నట్టు, ఈ ఫైలులో ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో ధ్వని ఉంటాయి. ఏ బొమ్మకు ఏ ధ్వని జతపడాలో చెప్పే కాలపట్టిక కూడా ఉంటుంది. క్యారియరును బయటినుంచి చూసి లోపల ఏ కూర ఉందో చెప్పలేం కదా! ఫైలు సంగతీ అంతే.

కొందరు తొందరపడి ఫైలు పేరు చివర ఉన్న "ఎంపీ4" తీసేసి "ఎంపీజీ" అని రాస్తారు. ఆవకాయ జాడీకి చింతకాయ పచ్చడి అని చీటీ అంటిస్తే రుచి మారుతుందా? ఇదీ అలాంటిదే.

బొమ్మను, ధ్వనిని కుదించి అంకెలుగా రాసే పద్ధతిని, వాటిని తిరిగి విప్పే పద్ధతిని కలిపి "కోడెక్" అంటారు. ఇప్పటి ఫోన్లు బొమ్మను ఎక్కువగా హెచ్.264 లేదా హెచ్.265 అనే పద్ధతిలో రాస్తాయి. మొదటిది 2003లోను, రెండవది 2013లోను వచ్చాయి. డీవీడీ 1996లో జపానులో అమ్మకానికి వచ్చింది. దాని బొమ్మల పద్ధతి ఎంపెగ్-2. అమ్మమ్మ ఇంట్లోని ప్లేయరులో ఉన్న చిన్న చిప్పుకు ఎంపెగ్-2 వచ్చు, దానికంటె పాతదైన ఎంపెగ్-1 వచ్చు. తరువాత పుట్టిన పద్ధతుల సంగతి దానికి తెలియదు. కంప్యూటరుకైతే కొత్త ప్రోగ్రాము వేసి కొత్త విద్య నేర్పవచ్చు. కార్ఖానా దాటి వచ్చిన ఆ ప్లేయరుకు సాధారణంగా అలా నేర్పలేం.

అసలు కుదించడం ఎందుకు?

"కుదించకుండా ఉన్నదున్నట్టు రాస్తే ఏ గొడవా ఉండదు కదా!" అని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూడండి.

మన దేశపు డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. అంటే ఒక్క బొమ్మలో 4,14,720 చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు. ఒక్కొక్క చుక్క రంగును రాయడానికి 24 బిట్లు వాడామనుకోండి. అన్నీ గుణిస్తే సెకనుకు దాదాపు 24 కోట్ల 88 లక్షల బిట్లు! ఒక మామూలు డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు. భాగించి చూడండి: 151 సెకన్లు. మూడు ముళ్ళు పడేలోపే డిస్కు నిండిపోతుంది!

అందుకే కుదించాలి. పెళ్లి పందిరి కదలదు, వెనక కట్టిన అరటి బోదెలూ కదలవు. కదిలేవి పురోహితుడి చేయి, అక్క తల, రాలే తలంబ్రాలు. ఒక బొమ్మను పూర్తిగా రాసి, దాని తరువాతి బొమ్మల్లో మారిన భాగాలను మాత్రమే రాస్తే ఎంతో చోటు మిగులుతుంది. ఎంపెగ్-2 చేసేది ఇదే. హెచ్.264 కూడా ఇదే చేస్తుంది. కాని బొమ్మను ఇంకా చిన్న గడులుగా కోసి, వెనకటి బొమ్మలు ఎన్నిటితోనో పోల్చి, సుమారు సగం బిట్లతోనే అంత చక్కని బొమ్మ ఇస్తుంది. ఆ తెలివే అమ్మమ్మ ప్లేయరుకు అర్థం కాకుండా పోయింది.

రాతి మీద ఒక పాఠం

ఇదేమీ కొత్త చిక్కు కాదు. జగ్గయ్యపేటలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2022 నుంచి జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉండేవి. జగ్గయ్యపేట దగ్గరున్న బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ అనే పురావస్తు పరిశోధకుడు త్రవ్వించాడు. అక్కడి స్తంభాల మీద శాసనాలు బయటపడ్డాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు నిలిపించిన సంగతి వాటిలో ఉంది. అది క్రీస్తు శకం మూడవ శతాబ్దం.

ఆ అక్షరాలు పోలేదు. అయినా మీరు వెళ్ళి ఎదురుగా నిలబడితే చదవగలరా? చదవలేరు. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. మన దేశంలో కూడా ఎన్నో వందల ఏళ్ళు ఆ లిపిని చదివేవారే లేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దాని గుట్టు విప్పాడు. లిపి తెలిసినంత మాత్రాన చాలదు, భాష కూడా తెలియాలి. డిస్కు విషయంలోను అంతే. క్యారియరు మూత తీయడం తెలిసినా, గిన్నెలోని కోడెక్ తెలియకపోతే ప్లేయరు నోరు మూసుకుని కూర్చుంటుంది.

తప్పు పట్టుకునే వరుస

ఇలాంటప్పుడు కనిపించిన మీటలన్నీ నొక్కకండి. వైద్యుడు నాడి చూసినట్టు వరుసగా ఒక్కొక్క ప్రశ్న వేయండి.

మొదటి ప్రశ్న: ఇది వీడియో డిస్కేనా? ఎంపీ4 ఫైలును డిస్కు మీదికి లాగి వదిలితే అది వట్టి ఫైళ్ళ డిస్కు అవుతుంది. డీవీడీ వీడియో డిస్కును కంప్యూటరులో తెరిచి చూస్తే "వీడియో_టీఎస్" అనే అర ఉండాలి. అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే చివరలున్న ఫైళ్ళుంటాయి. బొమ్మ, ధ్వని వీఓబీలో ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఐఎఫ్ఓ. దానికి నకలు బీయూపీ. ఈ అర లేకపోతే మీ తప్పు దొరికినట్టే. వీటిని తయారుచేయడానికి డీవీడీస్టైలర్ వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి.

రెండవ ప్రశ్న: డిస్కు రాయడం ముగించారా? రాసిన తరువాత "ఫైనలైజ్" అనే చివరి పని ఒకటుంటుంది. అది కాకపోతే రాసిన కంప్యూటరు చదువుతుంది, బయటి ప్లేయరు చదవకపోవచ్చు. పాత ప్లేయర్లలో కొన్ని ప్లస్ రకం డిస్కుల్ని, కొన్ని మైనస్ రకం డిస్కుల్ని ఒప్పుకోవు. ఆ సంగతీ చూడండి.

మూడవ ప్రశ్న: బొమ్మ వచ్చి ధ్వని రాలేదా? అయితే ధ్వని గిన్నెలో తేడా ఉంది. ఫోను ధ్వనిని ఎక్కువగా ఏఏసీ పద్ధతిలో రాస్తుంది. డీవీడీ నియమాల్లో దానికి చోటు లేదు. డాల్బీ డిజిటల్, పీసీఎం వంటి పద్ధతి కావాలి. పైగా డీవీడీలో ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి రాయడం వాడుక. పాత వీసీడీలో 44,100 సార్లే. అందుకే మీ పిన్ని పెళ్లి నాటి వీసీడీని డీవీడీగా మారుద్దామని కూర్చుంటే వింత జరుగుతుంది. వీసీడీలోని 352 × 288 చుక్కల ఎంపెగ్-1 బొమ్మను డీవీడీ నియమాలు ఒప్పుకుంటాయి. ధ్వని దగ్గర పేచీ వస్తుంది. అప్పుడు ధ్వనిని మారిస్తే చాలు. బొమ్మను మళ్ళీ కుదించి పాడుచేసుకోనక్కరలేదు.

నాలుగవ ప్రశ్న: మొదట బాగుండి, పోను పోను మాట ఒకటి, పెదవి ఒకటి అవుతున్నాయా? చాలా ఫోన్లు వెలుతురు తగ్గినప్పుడు సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను తగ్గిస్తాయి. రాత్రి ముహూర్తాలకు ఇది మామూలే. డీవీడీకి మన పద్ధతిలో సెకనుకు సరిగ్గా 25 బొమ్మలు కావాలి. లెక్క పెరిగి తరిగే వీడియోను ముందు నికరంగా 25 బొమ్మలకు మార్చుకుని, ఆ తరువాతే డిస్కు పని మొదలుపెట్టాలి.

ఐదవ ప్రశ్న: అందరూ సన్నగానో లావుగానో కనబడుతున్నారా? బొమ్మ వెడల్పు ఎత్తుల నిష్పత్తి తప్పు రాశారన్నమాట. డీవీడీకి రెండే నిష్పత్తులు: 4:3, 16:9. ఫోను నిలువుగా పట్టుకుని తీస్తే ఇరుపక్కలా నల్లని ఖాళీ వదలక తప్పదు. మరోసారి ఫోనును అడ్డంగా పట్టుకోండి!

ఆరవ ప్రశ్న: ఆడుతూ ఆడుతూ తడబడి ఆగుతోందా? డీవీడీలో బొమ్మకు సెకనుకు 98 లక్షల బిట్లు దాటకూడదు. అంతకు మించితే ప్లేయరు అందుకోలేదు. రెండు గంటల వీడియో ఒక డిస్కులో పట్టాలంటే 3,760 కోట్లను 7,200 సెకన్లతో భాగించండి. సెకనుకు సుమారు 52 లక్షల బిట్లు వస్తాయి. అందులో ధ్వనికి, విషయసూచికకు కొంత తీసి, బొమ్మకు 48 లక్షలు కేటాయించండి. ఇంకా తడబడితే డిస్కు మీద గీతలున్నాయేమో చూడండి, తక్కువ వేగంతో మరో డిస్కు రాసి చూడండి.

మీరూ చేసి చూడండి

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఒకటుంది. దానికి ఏ ఫైలైనా ఇస్తే గిన్నెల్లో ఏముందో చెబుతుంది. మీ పుస్తకంలో ఒక పట్టిక గీయండి. ఒక వరుసలో బొమ్మ కోడెక్, చుక్కల సంఖ్య, సెకనుకు బొమ్మలు, ధ్వని కోడెక్, సెకనుకు ధ్వని కొలతలు రాయండి. పక్క వరుసలో డీవీడీకి కావలసినవి రాయండి. రెండూ కలవని చోటల్లా ఎర్ర సిరాతో గీత గీయండి. మార్చవలసినవి అవే.

తరువాత పెళ్లి మొత్తం కాకుండా ఒక్క నిమిషం ముక్క తీసుకుని, చెరిపి మళ్ళీ రాయగల డిస్కు మీద పరీక్షించండి. ఆ రకం డిస్కును కొన్ని పాత ప్లేయర్లు చదవవు. అలాంటప్పుడు మామూలు డిస్కు ఒకటి ఖర్చు పెట్టక తప్పదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చినది రాసిపెట్టండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. సైన్సు ప్రయోగాలన్నిటికీ ఇదే నియమం.

ఇంకొక్క మాట. డిస్కు తయారైంది కదా అని ఫోనులోని అసలు వీడియోను చెరిపేయకండి. ఎంపెగ్-2లోకి మార్చినప్పుడు పోయిన వివరం తిరిగి రాదు. పైగా ఇంట్లో రాసిన డిస్కులో అక్షరాలుగా పనిచేసేది ఒక పలచని రంగు పొర. ఎండకు, వేడికి అది చెడుతుంది. జగ్గయ్యపేట వేసవి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? అసలు ఫైలుకు రెండు నకళ్ళు తీసి రెండు చోట్ల దాచండి. పక్కనే ఒక కాగితం మీద అది ఏ కోడెక్‌లో ఉందో, ఏ తేదీన తీశారో రాసి ఉంచండి. తరువాతి వాళ్ళకు ప్రిన్సెప్ పడ్డ శ్రమ తప్పుతుంది.

మళ్ళీ ఆదివారం జగ్గయ్యపేట వెళ్ళారు. ఈసారి డిస్కు తిరిగింది, నాదస్వరం వినిపించింది, తెర మీద అక్క తలవంచుకుని కూర్చుంది. అమ్మమ్మ కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకుంది. తలంబ్రాలు పోసే చోట, "ఆ ముక్క ఇంకోసారి వెయ్యండర్రా!" అంది.

వెయ్యండి మరి!